ఏడు బారల లోతున పంచనామా

మైలపల్లి దానేసు జన్మలో ఒకరికి అపకారం చేసినవాడు కాదు. అలాంటివాడు డిసెంబరు మొదటి ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నరకి, సముద్రంలో ఏడు బారల లోతున, ఒక పిస్తోలు చూశాడు. చూసినవాడు చూసినట్టు ఊరుకున్నా బాగుండేది. పైకొచ్చి, బట్టలు మార్చుకుని, సైకిలెక్కి వెళ్ళి పోలీసులకి చెప్పాడు. దాంతో అతని ప్రశాంతత కాస్తా గంగలో కలిసింది.

దానేసుది భీమిలి దాటాక వచ్చే పెదరేవుపాలెం. ఓడల అడుగున నాచు గీకే కంపెనీలో ఇరవై ఏళ్ళు పనిచేశాడు. నీళ్ళ ఒత్తిడికి ఎడమ చెవి పూర్తిగా పోయాక ఊరికొచ్చి, తీరాన రేకుల షెడ్డు వేసి, సరదాకి సముద్రంలో మునిగి చేపల్ని చూసొచ్చేవాళ్ళ కోసం స్కూబా బడి పెట్టాడు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నాలుగు నెలలే అక్కడ నీళ్ళు తేటగా ఉంటాయి. తర్వాత బురదెక్కి, చాపిన చెయ్యి కూడా కనిపించదు. ఆ నాలుగు నెలలూ బడి సాగకపోతే మళ్ళీ ఆ కంపెనీకే పోవాలి. పోతే కుడి చెవి కూడా ఉండదని డాక్టరు మొహం మీదే చెప్పాడు. భార్య నూకరత్నం తిట్లు వినపడ్డం మానేస్తాయన్న లాభం ఒకటుంది గాని, అందుకోసం చెవి పోగొట్టుకునే మగాణ్ణి నేనింతవరకు చూడలేదు.

ఆ ఆదివారం ఇద్దరు హైదరాబాదు కుర్రాళ్ళని వెంటబెట్టుకుని దిగాడు. ఇసకలో, ఒక రాతి పక్కన, నత్తగుల్లలు పట్టి, మూతి పైకెత్తుకుని ఉంది పిస్తోలు. కుర్రాడొకడు చెయ్యి చాపబోతే దానేసు ఠపీమని కొట్టాడు. తాడు కట్టిన ఒక బెండు పైకి తేలేలా వదిలి గుర్తు పెట్టాడు. పైకొచ్చాక, బెండు కొట్టుకుపోయినా చోటు మరిచిపోకుండా, కొండమీద సెల్ టవరూ మసీదు మినారూ ఒక వరుసలోకి, ఐసు ఫ్యాక్టరీ పొగగొట్టమూ తాటిచెట్టూ ఇంకో వరుసలోకి వచ్చే లెక్క చూసుకున్నాడు. అతని తాతలు చేపల గుంటల్ని గుర్తుపెట్టుకున్నదీ అలాగే. అన్నీ పద్ధతి ప్రకారం చేశానన్న తృప్తితో స్టేషనుకి వెళ్ళాడు.

ఎస్సై పొట్నూరు విశ్వేశ్వర్రావు కాయితాల మనిషి. నోట్లోంచి వచ్చే మాట కూడా స్టాంపు వేసుకుని వస్తుంది.

"సదరు ఆయుధము ఉన్న స్థలం ఎవరి పరిధిలోనిది?"

"సముద్రంలోనండి బాబూ."

"సముద్రమనగా? సర్వే నంబరు?"

దానేసు బుర్ర గోక్కున్నాడు. "అదంతా ఎందుకండి బాబూ, నాను తీసుకొచ్చీగల్ను. ఇలా ములిగి అలా తేల్తాను. తమరి టీ సల్లారదు."

ఎస్సై కుర్చీలోంచి సగం లేచాడు. "తాకితివా, నీ వేలిముద్ర. పైకి తెచ్చితివా, నీ స్వాధీనం. లైసెన్సు ఉన్నదా? లేదు. అప్పుడు నీవు ముద్దాయివి."

"తాకకపోతేనండి?"

"తాకనిచో సమాచారదాతవు. ప్రస్తుతానికి."

ఆ 'ప్రస్తుతానికి' దానేసు గొంతులో చేపముల్లులా దిగింది. అంతలో ఎస్సై బీరువా తీసి, దుమ్ము దులిపి, ఒక సర్క్యులరు బయటపెట్టాడు. 'వినోదార్థ నిమజ్జనకారులకు జలాంతర్భాగమున ఆయుధము దృగ్గోచరమైన పక్షమున పాటించవలసిన విధివిధానములు.' మొత్తం పద్నాలుగు క్లాజులు. రాసిన మహానుభావుడెవరో సముద్రాన్ని క్యాలెండర్లో తప్ప చూసి ఉండడు. మూడో క్లాజు ప్రకారం నేరస్థలం చుట్టూ పసుపు పట్టీ కట్టాలి. తొమ్మిదో క్లాజు ప్రకారం, ఆయుధం దొరికిన చోటనే, దొరికిన భంగిమలోనే, ఇద్దరు గౌరవనీయులైన స్థానిక మధ్యవర్తుల సమక్షంలో పంచనామా జరగాలి.

"దొరికిన చోటనేనా అండి?" అన్నాడు దానేసు.

"చోటనే," అన్నాడు ఎస్సై. "ప్రభుత్వం ఒక అక్షరం వృథాగా రాయదు."

మర్నాడు సముద్రానికి పట్టీ కట్టారు. మేస్త్రీని పిలిచి వాసాలు పాతమంటే, ఏడు బారల నీళ్ళలో వాసమెలా పాతుతాడు? దండం పెట్టి వెళ్ళిపోయాడు. జాలర్ల దగ్గర బెండ్లు అడిగి తెచ్చి, వాటికి పట్టీ కట్టి వదిలారు. సాయంత్రానికి ప్రవాహానికి ఆ పట్టీ అర కిలోమీటరు దక్షిణానికి జరిగింది. నేరస్థలం జరిగిందని ఎస్సై డైరీలో రాసుకున్నాడు. జరిగిన నేరస్థలానికీ జరగని నేరస్థలానికీ కలిపి మూడోనాడు ఇంకా పెద్ద పట్టీ కట్టారు. వారం తిరిగేసరికి ఊరి ముందున్న సముద్రమంతా నేరస్థలమే అయి కూర్చుంది. కాపలాకి పడవలో ఇద్దరు కానిస్టేబుళ్ళని పెట్టారు. పాపం, వాళ్ళు పొద్దస్తమానం పట్టీకి ఇవతల వాంతి చేసుకుంటూ, పట్టీ దాటిన పడవల మీద విజిల్ వేస్తూ ఉండేవారు.

దానేసు బడి ముందు 'ప్రవేశము నిషిద్ధము' అని బోర్డు పెట్టారు. వచ్చిన సందర్శకులు వచ్చినట్టే వెనక్కి పోయారు.

"సూసినావు, సరే. కల్లున్నాయి కాబట్టి సూసినావు," అంది నూకరత్నం, ఎండుచేపలు తిరగేస్తూ. "ఎల్లి సెప్పడానికి ఏటి పోయేకాలమొచ్చింది మావా నీకు?"

"ఎవుడో ఎవుణ్ణో సంపుంటాడే. ఆ తుపాకీ దొరికితే ఆడు దొరుకుతాడు. సచ్చినోడి పెళ్ళాం పిల్లలుంటారు గదా!"

 ఆ మాట నూకరత్నానికీ నిజమనే అనిపించింది. పంచనామా ఎంత త్వరగా అయితే అంత మంచిదని ఇద్దరూ అనుకున్నారు.

మధ్యవర్తులు ఖరారయ్యారు. ఒకరు రిటైర్డు హెడ్మాస్టరు మంథా సోమయాజులు గారు, అరవై ఏడేళ్ళ మనిషి, అబద్ధమాడిన పిల్లవాణ్ణి ఎండలో నిలబెట్టే రకం. రెండోవారు వీఆర్వో సన్యాసినాయుడు. కొండ మండలం నుంచి బదిలీ మీద వచ్చిన సన్యాసినాయుడు బాల్చీలో తప్ప నీళ్ళెరగడు. ఇద్దరికీ మునగడం నేర్పే బాధ్యతని, ఐదో క్లాజు కింద, సమాచారదాత నెత్తిన వేశారు.

షెడ్డు వెనక సిమెంటు తొట్టిలో శిక్షణ మొదలైంది. మాస్టారికి ఎక్కడలేని హుషారొచ్చింది. పొద్దున్నే పంచె ఎగ్గట్టుకుని ముందుగా వచ్చేవారు.

"ఇన్నేళ్ళూ భూగోళం పాఠం చెప్పానోయ్ దానేసూ. మూడొంతులు నీరని చెప్పడమే గాని, ఒక్కనాడూ దిగి చూసిన పాపాన పోలేదు."

సన్యాసినాయుడి గోల వేరు. పంచనామా ఫైలుని ప్లాస్టిక్ సంచీలో పెట్టి చంకలో పట్టుకుని దిగేవాడు. అది వదలమంటే వదలడు. నీళ్ళలో బొటనవేలు పైకెత్తితే 'పైకి పోదాం' అని అర్థమని దానేసు వందసార్లు చెప్పాడు. అయినా 'ఎలా ఉంది' అని సైగ చేస్తే చాలు, బాగానే ఉందనడానికి నాయుడు బొటనవేలు ఎత్తేవాడు. దానేసు అతన్ని పైకి లాగేవాడు. ఒక్క పూటలో పదకొండుసార్లు లాగాడు.

"నాను భూములు కొలిసినోణ్ణి బాబూ," అని ఏడుపు మొహం పెట్టాడు నాయుడు తొట్టి గట్టుమీద. "ఈ నీల్లలో నాకు సావు రాసిపెట్టుంటే నా పెళ్ళానికి ఎవులు సెప్తారు?"

"నాను సెప్తానులే," అన్నాడు దానేసు. చెప్పాక అది ధైర్యం చెప్పడం కాదని తోచి నాలిక్కరుచుకున్నాడు.

పద్దెనిమిది రోజులకి ఇద్దరూ తయారయ్యారు. అప్పటికి డిసెంబరు వెళ్ళిపోయింది.

పంచనామా నాడు ముగ్గురూ దిగారు. ఎస్సై పడవలోనే గొడుగు కింద కూర్చున్నాడు. అధికారి దిగాలని ఏ క్లాజులోనూ లేదు మరి. అడుగున మాస్టారు మోకాళ్ళ మీద కూర్చుని నీళ్ళలో రాసే పలక తీశారు. ఆయుధం చుట్టూ సున్నంతో గీత గీయాలని క్లాజుంది కాబట్టి సన్యాసినాయుడు పొట్లం విప్పాడు. నీళ్ళు తెల్లగా విరిగిన పాలయ్యాయి. అరగంట సేపు ఎవరికి ఎవరూ కనపడలేదు. మసక తేరాక చూస్తే నాయుడు భయంతో దానేసు కాళ్ళు వాటేసుకుని ఉన్నాడు. ఆ పరిస్థితిలోనే హద్దులు రాసుకుని పైకొచ్చారు.

ఎస్సై పలక అందుకుని చదివాడు. "తూర్పు: నీళ్ళు. దక్షిణం: నీళ్ళు. ఉత్తరం: నీళ్ళు. పడమర: రాయి, దాని వెనక నీళ్ళు." తలెత్తాడు. "ఏ నీళ్ళు?"

"ఉప్పునీళ్ళండి," అన్నాడు నాయుడు వణుకుతూ.

"అది కాదు నేనడుగుతున్నది. ఎవరి నీళ్ళు? పట్టా నీళ్ళా, ప్రభుత్వ నీళ్ళా? హద్దుదారు పేరు లేని పంచనామా కోర్టులో నిలుస్తుందా? నువ్వు రెవెన్యూవాడివేనా అసలు?"

మళ్ళీ దిగారు. ఈసారి నాయుడు సొంత చేత్తో నాలుగు వైపులా 'ప్రభుత్వ పోరంబోకు నీళ్ళు' అని రాశాడు. ఆ మాట రాసేసరికి అతనికి నీళ్ళ భయం సగం తగ్గిపోయింది. పోరంబోకుతో అతనికి చిన్నప్పటి నుంచీ పరిచయమే.

ఇంక లక్క సీలు ఒకటి మిగిలింది. దొరికిన చోటనే గుడ్డలో చుట్టి, లక్క కరిగించి, సీలు వెయ్యాలి. నీళ్ళలో అగ్గిపుల్ల వెలగదని దానేసు మనవి చేశాడు.

"వెలగదని నీకెవరు చెప్పారు? ప్రయత్నించితివా?" అన్నాడు ఎస్సై.

ప్రయత్నించారు. యాభై పుల్లల పెట్టె తడిసింది. ఆపైన ఎస్సైకి ఆలోచన వచ్చింది. పెళ్ళి వంటలవాళ్ళ పెద్ద గుండిగ ఒకటి తెప్పించి, బోర్లించి నీళ్ళలోకి దింపితే దాన్లో గాలి ఉంటుంది, ఆ గాలిలో పుల్ల గీయవచ్చును కదా అని. చిన్నప్పటి సైన్సు పాఠం మాస్టారికి కూడా గుర్తొచ్చి చప్పట్లు కొట్టారు. గుండిగ మునగడానికి ఇసక బస్తాలు కట్టారు. కట్టిన కొద్దీ చాలలేదు. పదిహేను బస్తాలకి మూడు బారలు దిగి, ఒక పక్కకి ఒరిగి, గుడగుడమని గాలంతా కక్కేసి, కట్టిన తాడుతో పడవ మూతిని కిందికి లాగింది. ఎస్సై గొడుగుతో సహా నీళ్ళలో పడ్డాడు. దానేసు జుట్టు పట్టుకుని పైకి లాగకపోతే ఆ కథ అక్కడితో ముగిసేది.

"అధికారి జుట్టు పట్టుకున్నందుకు చర్య తీసుకోవచ్చును," అన్నాడు ఎస్సై, ఉప్పునీళ్ళు కక్కుతూ. "కానీ తీసుకొనను."

విషయం పై ఆఫీసుకి రాశారు. పై ఆఫీసు ఇంకా పైకి రాసింది. ఇరవై రెండు రోజులకి జవాబు దిగింది: 'సీలు వేయుటకు వీలుపడని పరిస్థితులలో సీలు వేసినట్లుగా భావించవచ్చును.' ఈ ముక్క మొదటే భావించి ఉంటే గుండిగ మిగిలేది కదా అని వంటలవాళ్ళు ఇప్పటికీ అంటారు.

జనవరి ఆఖర్న, సీలు వేసినట్లుగా భావించిన పిస్తోలు పైకొచ్చింది. ఊరంతా ఒడ్డున నిలబడి చూసింది. దాన్ని పరీక్షకి పంపారు. దానేసు బడి తలుపు మీద సాలెగూడు దులిపి, గాలి సిలిండర్లు తుడిచి పెట్టుకున్నాడు. చేతిలో ఇంకా నాలుగు వారాలున్నాయి. చాలు, గట్టెక్కిపోతామనుకున్నాడు.

వారానికి రిపోర్టు వచ్చింది. పరిశీలనార్థం పంపిన వస్తువు పోత పోసిన ఉత్తుత్తి పిస్తోలు. గొట్టానికి కన్నం లేదు. పిడి కింద నాటకాల సామాను అద్దెకిచ్చే దుకాణం ముద్ర ఉంది.

దానేసు పగలబడి నవ్వాడు. "హమ్మయ్య! ఎవుడూ సావనేదు! మరింక పట్టీ తీసీండి బాబూ."

ఎస్సై నవ్వలేదు. "ఎట్లు తీసెదను? ఫైలులో ఏమున్నది? 'సముద్రమున ఆయుధము కలదు.' నీ సంతకం. పైకి వచ్చినది ఏమిటి? ఆయుధము కాదు. అనగా?"

"అనగా?"

"ఆయుధము ఇంకను సముద్రమునందే ఉన్నది."

దానేసుకి కాసేపు కుడి చెవి కూడా పనిచెయ్యలేదు. తేరుకుని, "ఆ ఆయుధమే ఇదండి!" అన్నాడు.

"ఇది ఆయుధము కాదని రిపోర్టు ఉన్నది కదయ్యా. నువ్వు ప్రభుత్వ లేబొరేటరీని కాదనెదవా?"

పద్నాలుగో క్లాజు ఒక్కటే దారి చూపింది. సమాచారదాతా మధ్యవర్తులూ కలిసి స్థలమంతా వెతికి, ఆయుధమేదీ లేదని ముగ్గురూ సంతకాలు పెడితే ఫైలు మూసి పట్టీ తీయవచ్చు. ఉన్నదంటే ఒకటో క్లాజు నుంచి మళ్ళీ మొదలు.

ఫిబ్రవరి ఎనిమిదో తారీఖున ముగ్గురూ దిగారు. అరగంట పైగా గాలించారు. ఇసక, రాళ్ళు, ఒక చెప్పు, మునిగిపోయిన గుండిగ, దాని ఇసక బస్తాలు. ఇంకేం లేవని దానేసు మనసులో దేవుళ్ళందరికీ దండాలు పెట్టుకుంటూ వెనక్కి తిరగబోతుంటే, సన్యాసినాయుడు అతని మోచెయ్యి గట్టిగా గిల్లాడు.

రాతి పగులులో ఒక లుంగీ గుడ్డ మూట. తాడు కుళ్ళి విచ్చుకుంది. లోపలినుంచి రివాల్వరు గొట్టం బయటికి చూస్తోంది. ఈసారి కన్నం ఉంది. ఎవడో పనిగట్టుకుని, మూటగట్టి, రాయి కట్టి, ఎవరికీ దొరక్కూడదని పారేసిందది. అది ఎవరి ప్రాణం తీసిందో!

మాస్టారు పలక మీద రాశారు: 'ఏమిటి?'

దానేసు రాశాడు: 'నిజందే.'

సన్యాసినాయుడు పలక లాక్కుని రాశాడు: 'మళ్ళీ గుండిగా?'

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నీళ్ళలో మాట్లాడటానికి లేదు. దానేసుకి తన చెవి గుర్తొచ్చింది. ఆ వెనకే, ఎక్కడో ఉన్న పేరు తెలియని మనిషీ, అతని పెళ్ళాం పిల్లలూ గుర్తొచ్చారు. చెప్పాలి. చెప్తే రేపు పట్టీ, ఎల్లుండి సున్నం, వచ్చే ఏడు ఓడ అడుగున నాచు. కళ్ళద్దాల లోపల అతని కళ్ళు నిండిపోయాయి. తుడుచుకుందామంటే చెయ్యి వెళ్ళదు.

మాస్టారు పలక మీది అక్షరాలు బొటనవేలితో నెమ్మదిగా చెరిపేశారు. పక్కకి వంగి, రెండు చేతులా పట్టే రాయి ఒకటి ఎత్తి, మూట మీద పెట్టారు. నాయుడు ఇంకోటి పెట్టాడు. చివరికి దానేసు ఇసక తోశాడు. ఆ తర్వాత నాయుడు బొటనవేలు పైకెత్తాడు. మొదటిసారి సరిగ్గా ఎత్తాడు.

"ఏదేని దృగ్గోచరమైనదా?" అన్నాడు ఎస్సై పడవలోంచి.

"నేదండి బాబూ," అన్నాడు దానేసు.

"మాస్టారూ?"

"నాకు నీళ్ళలో కళ్ళజోడు ఉండదు కదండీ," అని మాస్టారు సంతకం పెట్టారు.  ఒడ్డుకొచ్చాక ఇంటికి పోకుండా ఎండలోనే నిలబడిపోయారు.

పట్టీ తీశారు. బడి తెరిచారు. మిగిలిన మూడు వారాల్లో జనం విరగబడి వచ్చారు. దానేసు చెవి నిలిచింది.

పైవాళ్ళకి ఈ వ్యవహారం మహా నచ్చింది. పద్నాలుగు క్లాజులూ అమలైన ఏకైక ఫైలట అది. పెదరేవుపాలెం తీరాన్ని 'ప్రప్రథమ ఆయుధరహిత సముద్రము'గా ప్రకటించి, ఏప్రిల్లో జిల్లా కేంద్రంలో సభ పెట్టారు. తీరం పొడుగునా ఉన్న స్కూబా బడులవాళ్ళందరినీ పిలిచారు. వినోదార్థ నిమజ్జనకారుడు నీళ్ళలో ఆయుధం చూస్తే ఏం చెయ్యాలో ఉపన్యసించే పని దానేసుకి అప్పగించారు. ఎస్సైకి శాలువా కప్పారు. దానేసు పద్నాలుగు క్లాజులూ తప్పు లేకుండా చదివాడు. ఎదురుగా నలభై మంది బుద్ధిగా రాసుకున్నారు. చదువుతున్నంతసేపూ అతనికి ఆ లుంగీ మూటే కళ్ళముందు ఆడింది. సిగ్గుతో చచ్చిపోయాడు.

టీ వేళకి అతను ఒక మూల ఒంటరిగా నిలబడ్డాడు. ఓలేటి సత్యవేణి అని, కాకినాడ వైపు బడి నడిపే ఆవిడ, గ్లాసు పట్టుకుని దగ్గరికొచ్చింది. ఎస్సై దూరంగా ఉన్నాడో లేదో ఒకసారి చూసుకుని, గొంతు తగ్గించింది.

"బాగా చెప్పారన్నయ్యగారూ. మీకేంటండీ, మీ వైపు కొండలు. మాదంతా ఒండ్రే, మందుకైనా రాయి దొరకదండీ. కిందటేడు మూడు కత్తులూ ఒక తుపాకీ కప్పేసరికి ఉన్న రాళ్ళు కాస్తా అయిపోయాయి. ఓ రెండు బస్తాలు లారీకి వేయించి పంపుతారా?"

దానేసు నోరు తెరిచేలోగా ఆవిడ వెనక ఇంకో నలుగురు గ్లాసులతో వచ్చి వరసలో నిలబడ్డారు.